భరిణెలు భరిణెలతో, పిక్కలు పిక్కలతో

పోయిన దసరా సెలవులకు మా అక్క కూతురు పది రోజులు మా ఇంట్లో ఉంది. ఏడో తరగతి. సెలవుల్లో చేసుకురమ్మని బడిలో ఇచ్చిన లెక్కలు ఇరవై వెంట తెచ్చుకుంది. మూడో రోజు సాయంత్రం నేను వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, నా పక్కనే నోటుపుస్తకం పరుచుకుంది. ఓరకంట చూశాను. 3య + 4 అని ఉన్నచోట, పక్కన = 7య అని రాసేసి కింది లెక్కకు వెళ్లిపోయింది. (పాఠ్యపుస్తకంలో ఎక్స్ ఉన్నచోట ఈ అధ్యాయమంతా ‘య’ అని రాస్తున్నాను. ఎందుకో ముందుకెళ్లాక చెబుతాను.)

“ఏడు ఎలా వచ్చిందే?” అన్నాను.

“మూడూ నాలుగూ ఏడు కదా పిన్నీ.”

“మరి ఆ య?”

“అదక్కడ ఉంది కదా, ఎక్కడో చోట పెట్టాలి. ఆన్సర్ అంటే చివరికి ఒకటే రావాలి.”

ఆ ఆఖరి మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఏడో తరగతిలో నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. మా మాస్టారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి పక్కన ‘విజాతి పదాలు’ అని రాశారు. సజాతి పదాలంటే ఏమిటి, విజాతి పదాలంటే ఏమిటి అన్న నిర్వచనాలు ఆ రాత్రే బట్టీ పట్టాను. పరీక్షలో అవి రాస్తే రెండు మార్కులు వచ్చేవి, పక్కనే లెక్క తప్పు పోయేది. ఆ తప్పు కూడికలో లేదనీ, ‘చివరికి ఒకటే రావాలి’ అన్న నమ్మకంలో ఉందనీ అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. పదో తరగతి దాకా బీజగణితమంటే గుండె దడే. మీ పిల్లల పక్కన కూర్చుని ఈ లెక్కలు చెప్పబోయే మీరు ముందుగా ఆ నమ్మకాన్ని వెతికి పట్టుకోవాలి. సూత్రాల పని ఆ తర్వాత.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరో తరగతిలో బీజగణితం మొదలై, ఏడులో బీజీయ సమాసాల దగ్గర ఈ సజాతి పదాలు వస్తాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు వీటిని ‘లైక్ టర్మ్స్’ అంటారు. పేరు ఏదైనా పని ఒకటే: ఒకే రకం వాటిని ఒకచోట చేర్చి, ఎన్నున్నాయో చెప్పడం. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో సమీకరణాలూ బహుపదులూ వచ్చినప్పుడు ఈ పని లేకుండా ఒక్క పంక్తి కూడా కదలదు. అందుకే దీనికి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వమంటాను.

మూత పెట్టిన లెక్క

పేరంటాలకు వెళ్లినప్పుడు ఇచ్చే చిన్న కుంకుమ భరిణెలు ప్రతి ఇంట్లోనూ ఓ పది పడి ఉంటాయి. మా ఇంట్లో ఒకే రకం స్టీలువి అయిదు దొరికాయి. పాప చూడకుండా ఒక్కోదాంట్లో సమానంగా చింతపిక్కలు పోసి మూతలు పెట్టాను. మూడు భరిణెలు ఓ పక్క, రెండు ఓ పక్క పెట్టి అడిగాను. “మొత్తం ఎన్ని?”

“అయిదు భరిణెలు.”

“లోపల ఎన్ని పిక్కలున్నాయో నీకు తెలుసా?”

“తెలీదు.”

“తెలీకుండానే అయిదని ఎలా చెప్పావు?”

కాసేపు ఆలోచించింది. “అన్నిట్లోనూ ఒకే లెక్క పోశానన్నావు కదా. ఎన్నున్నా అయిదింతలు అవుతాయి.”

3య + 2య = 5య అంటే ఇంతే. య అనేది భరిణెలో ఉన్న పిక్కల సంఖ్య. ఆ సంఖ్యకు మూడింతలు, మళ్లీ దానికే రెండింతలు, వెరసి అయిదింతలు. ముందున్న 3, 2 గుణకాలు. కలిసేవి గుణకాలే. య మారదు. రెండు గుంపులు కలిపినంత మాత్రాన భరిణె పెద్దదైపోదు కదా. పాఠ్యపుస్తకం దీనికే విభాగ న్యాయమని పేరు పెట్టి (3 + 2)య అని చూపిస్తుంది.

ఇప్పుడు రెండు భరిణెలు తీసేసి, మిగిలిన మూడింటి పక్కన నాలుగు విడి పిక్కలు పెట్టాను. “ఇప్పుడు?”

“మూడు భరిణెలు, నాలుగు పిక్కలు” అంది. అన్న వెంటనే నోటుపుస్తకం వైపు చూసింది. తన 7య అంటే ఏడు భరిణెలని తనకే తట్టింది. ఎదురుగా ఉన్నవి మూడే.

“మరి దీన్ని ఒక్కటిగా ఎలా రాయాలి పిన్నీ?”

“రాయక్కర్లేదు. 3య + 4 అన్నదే జవాబు.”

ఈ మాట పిల్లలకు ఎంత ఊరటో మీరు వాళ్ల మొహంలో చూడాలి. ఒకటో తరగతి నుంచి ప్రతి కూడికా ఒకే ఒక్క సంఖ్యతో ముగిసింది. మధ్యలో కూడిక గుర్తు మిగిలిపోతే లెక్క సగంలో ఆగినట్టే వాళ్లకు కనిపిస్తుంది. అందుకే ఆ గుర్తును ఎలాగైనా చెరిపెయ్యాలని చూస్తారు. 3య + 4 పూర్తయిన జవాబేననీ, మూత తీసే దాకా అంతకన్నా నిజమైన జవాబు లేదనీ నోరు తెరిచి చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు. మేం ఆ పది రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు అనుకున్నామో.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పాఠాన్ని చాలామంది ‘ఏ అంటే ఆపిల్, బీ అంటే బనానా’ అని మొదలుపెడతారు. మూడు ఆపిళ్లు, రెండు బనానాలు కలవవు అంటే పిల్లలకు ఆ పూటకు బాగానే ఎక్కుతుంది. తర్వాత చిక్కులొస్తాయి. అక్షరం వస్తువుకు పేరు కాదు, ఒక సంఖ్యకు పేరు. వస్తువనుకున్న పిల్ల ముందు రేపు ఏ, బీల లబ్ధం పెడితే ఆపిల్‌ను అరటిపండుతో గుణించడమెలాగని బిత్తరపోతుంది. అందుకే భరిణె దగ్గర కూడా నేను ‘య అంటే భరిణె’ అనలేదు. ‘య అంటే భరిణెలో ఉన్న పిక్కల సంఖ్య’ అన్నాను. మీరూ ఆ తేడా పట్టుకుని ఉండండి. అన్నిట్లోనూ ఒకే లెక్క ఉందన్న షరతు కూడా మర్చిపోవద్దు.

మరో తప్పు కూడా అప్పుడే బయటపడింది. 7య − య = 7 అని రాసింది. “య తీసెయ్యమన్నాడు, తీసేశాను, ఏడు మిగిలింది” అంది. కంటికి కనిపించేదాన్ని బట్టి చూస్తే ఆ పిల్ల చెప్పింది సబబుగానే ఉంది. ఒంటరిగా నిలబడ్డ య ముందు 1 ఉంటుందనీ, దాన్ని రాయరనీ ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఏడు భరిణెల్లోంచి ఒక భరిణె తీస్తే ఆరు భరిణెలు. మొదటి నాలుగు రోజులు 1య అని రాయనివ్వండి. అలవాటయ్యాక ఆ 1 దానంతటదే రాలిపోతుంది.

ఒకట్లు, పదులు, వందలు

ఇదేదో కొత్త విద్య అనుకుంటే పిల్లలకు బెరుకు. నిజానికి రెండో తరగతిలో 34, 25 కలిపినప్పుడే ఈ పని చేశారు. మూడు పదులు, నాలుగు ఒకట్లు. రెండు పదులు, అయిదు ఒకట్లు. పదులను పదుల కింద, ఒకట్లను ఒకట్ల కింద రాసి కలిపారు. మూడు పదులు, నాలుగు ఒకట్లు కలిపి ఏడు పదులని ఏ పిల్లా అనదు. 34ను 70 అనుకోవడం అవుతుందది. య స్థానంలో 10 ఉందనుకుంటే 3య + 4 అంటే 34, 7య అంటే 70. వందలు కూడా తెచ్చుకుంటే 2య² + 3య + 4 అంటే 234. వందల ఇల్లు, పదుల ఇల్లు, ఒకట్ల ఇల్లు. నిలువు వరసలు తప్పకుండా కలపడం వచ్చిన పిల్లకు బీజగణితంలో సగం వచ్చినట్టే. ఈ ఒక్క పోలిక చూపించాక మా పిల్ల పెన్సిల్ పట్టుకున్న తీరే మారింది.

రంగుల పేర్లు

ఇప్పుడు ‘య’ సంగతి. తెలియని సంఖ్యను మన దేశపు గణితవేత్తలు ‘యావత్తావత్’ అన్నారు. ఎంతో అంత అని అర్థం. రాసేటప్పుడు పొట్టిగా ‘యా’. తెలియని సంఖ్య ఒకటే అయితే ఈ పేరు చాలు. రెండోది, మూడోది వస్తే రంగుల పేర్లు పెట్టారు: కాలకం అంటే నలుపు, నీలకం అంటే నీలం, తర్వాత పీతకం, లోహితకం. పసుపు, ఎరుపు అన్నమాట. వాటి మొదటి అక్షరాలు కా, నీ, పీ, లో. విడి సంఖ్యలను రూపాలన్నారు, గుర్తు ‘రూ’. మన 3య + 4 వాళ్ల రాతలో ‘యా 3 రూ 4’ అయ్యేది. రాతలోనే రెండు రకాలు వేరువేరుగా నిలబడ్డాయి చూశారా? ‘యా’ పేరున ఉన్నదాన్ని ‘రూ’ పేరున ఉన్నదానితో కలపాలని ఎవరికీ తోచదు.

628లో బ్రహ్మగుప్తుడు రాసిన ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ఈ నియమం స్పష్టంగా ఉంది. తెలియని రాశులు, వాటి వర్గాలు, ఘనాలు ఒకే తీరువి అయితేనే కూడికా తీసివేతా, కాకపోతే విడిగా ఉంచడమే అంటాడాయన. 1150లో భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’లో ఇదే నియమాన్ని ‘సమాన జాతి’, ‘విభిన్న జాతి’ అన్న మాటలతో చెప్పాడు. మన పాఠ్యపుస్తకంలోని సజాతి, విజాతి ఆ బాటలోని మాటలే. చిన్నప్పుడు నేను బట్టీ పట్టిన మాటలోనే నియమం మొత్తం దాగి ఉందని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. మీ పాప ‘లైక్ టర్మ్స్’ అన్నప్పుడు ఆ తెలుగు మాట కూడా చెవిన వెయ్యండి.

రంగుల ఆలోచన నాకెంత నచ్చిందంటే, మర్నాడే రంగు పెన్సిళ్లు తెప్పించాను. లెక్క ముట్టుకునే ముందు ఒక్కో రకం పదాల కింద ఒక్కో రంగు గీత గీయాలి. వర్గాలకు ఎరుపు, య పదాలకు నీలం, విడి సంఖ్యలకు పచ్చ. అన్నీ గీశాక ఒక్కో రంగుదీ కలపాలి. గీతలు గీస్తున్నంతసేపూ కలపడం లేదు కాబట్టి తొందర తగ్గుతుంది. తప్పులు ఎక్కువగా తొందరలోనే దొర్లుతాయి.

వర్గాల సంగతి ముగ్గుతో చెప్పాను. వాకిట్లో సరిచుక్క ముగ్గు పెట్టేటప్పుడు ఏడు చుక్కలు, ఏడు వరసలు అంటాం. ఒక వరసలో య చుక్కలు ఉండి, అలాంటి వరసలు య ఉంటే మొత్తం చుక్కలు య². ఒక్క వరసకు య. కాబట్టి 2య² + 3య అంటే రెండు నిండు ముగ్గుల చుక్కలు, ఇంకో మూడు వరసలు. పలక మీద చుక్కలు పెట్టి చూపిస్తే మా పిల్ల మంచి ప్రశ్న వేసింది. “ఆ మూడు వరసలూ కలిపితే ఇంకో ముగ్గవుతుందేమో కదా పిన్నీ?” వరసకు మూడే చుక్కలైతే అవుతుంది. మూడు వరసలు, మూడు చుక్కలు, నిండు ముగ్గు. వరసకు ఏడైతే ఇంకా నాలుగు వరసలు కావాలి. య ఎంతో తెలియనంత కాలం ఆ మూడు వరసలను ముగ్గుల లెక్కలో వెయ్యలేం. బీజగణితంలో సమానం అని రాసి సూక్ష్మీకరించామంటే, య స్థానంలో ఏ సంఖ్య పెట్టినా ఆ మాట నిలబడాలి. ఏదో ఒక సంఖ్యకు కుదిరితే సరిపోదు. పిల్ల అడిగిన ప్రశ్నలోంచే ఈ ముక్క వచ్చింది గనుక ఆమెకు అది గట్టిగా నాటుకుంది.

ముగ్గుతోనే ఇంకో మాట కూడా తేలిపోతుంది. వరసకు నాలుగు చొప్పున ఆరు వరసలు పెట్టినా, ఆరు చొప్పున నాలుగు వరసలు పెట్టినా చుక్కలు ఇరవై నాలుగే. అందుకే, రెండో తెలియని సంఖ్య ‘కా’ అనుకుంటే, 3యకా, 5కాయ సజాతి పదాలే. అక్షరాల వరస చూసి మోసపోవద్దు.

ధన, ఋణ గుర్తుల దగ్గర చెప్పవలసింది ఒక్కటే: పదం ముందున్న గుర్తు ఆ పదానిదే. పదాన్ని ఎక్కడికి జరిపినా గుర్తు వెంట రావాలి. ధనం, ఋణం అన్న పేర్లు కూడా బ్రహ్మగుప్తుడి కాలంనాటివే. ఉన్న డబ్బు, ఉన్న అప్పు. అయిదు ఉండి ఏడు అప్పుంటే రెండు అప్పు మిగులుతుంది, 5య − 7య = −2య.

కుండలీకరణాల ముందు ఋణ గుర్తు ఉంటే పెద్దవాళ్లు కూడా తడబడతారు. దానికి కొట్టు లెక్క మేలు. 500 నోటు తీసుకుని వెళ్లి ఒక్కోటి య రూపాయల చింతపండు పొట్లాలు రెండు కొన్నారు. కొట్టతను 30 తగ్గించాడు. బిల్లు 2య − 30. మీకు రావలసిన చిల్లర 500 − (2య − 30). పిల్లలు దీన్ని 500 − 2య − 30 అని విప్పి, 470 − 2య అంటారు. పొట్లం 120 అనుకోండి. బిల్లు 210, చిల్లర 290 రావాలి. పిల్లల లెక్కలో 230 వస్తుంది, 60 రూపాయలు తక్కువ. కొట్టతను తగ్గించిన 30 మీ జేబులో మిగలాలి గాని, మళ్లీ మీ దగ్గరే తీసుకోకూడదు. కాబట్టి 500 − 2య + 30, అంటే 530 − 2య. డబ్బు పోతోందని చూపిస్తే ఆ గుర్తు ఎందుకు మారాలో పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది.

ఒక పెద్ద లెక్క కలిసి చేద్దాం. 5య − 3 + 2య² − 7య + 8 − య². ఎర్రగీత 2య² కింద, −య² కింద. రెండూ కలిపితే య². నీలంగీత 5య, −7య. కలిపితే −2య. పచ్చగీత −3, +8. కలిపితే 5. జవాబు య² − 2య + 5. ఇక్కడ ఆగాలి. మూడు రంగులు మిగిలాయి, ఇంకేవీ కలవవు.

సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. య స్థానంలో 10 పెట్టండి. మొదటి దాంట్లో 50 − 3 + 200 − 70 + 8 − 100, అంటే 85. జవాబులో 100 − 20 + 5, అదీ 85. రెండూ తేడా వస్తే తప్పు జరిగినట్టే, వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. పదే ఎందుకంటే, 0, 1, 2 మోసం చేస్తాయి. 3య + 4 = 7య అన్న తప్పులో 1 పెట్టి చూడండి, రెండువైపులా 7 వస్తుంది. య + య = య² అన్న తప్పులో 2 పెడితే రెండువైపులా 4. తప్పు ఒప్పులా కనిపిస్తుంది. పదిలో అలా దాక్కునే వీలు చాలా తక్కువ, పైగా పదితో హెచ్చవేయడం తేలిక.

ఈ పరీక్ష పిల్లల చేతికి ఇవ్వడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. ‘కరెక్టేనా?’ అని మన మొహం చూసే పిల్లకు లెక్క వచ్చినా ధైర్యం రాదు. మా పిల్ల మొదటి అయిదు రోజులు ప్రతి లెక్కకూ తలెత్తి నా వైపు చూసేది. ఆరో రోజు నుంచి “పది పెట్టి చూడు” అని మాత్రమే అన్నాను. ఎనిమిదో రోజుకు తలెత్తడం మానేసింది. తప్పు కనిపించినప్పుడు మీరు కూడా ‘తప్పు’ అనకండి. ‘ఇది దేని లెక్క?’ అని వేలు పెట్టి అడగండి. భరిణెల లెక్కా, పిక్కల లెక్కా, వరసల లెక్కా, ముగ్గుల లెక్కా? జవాబు చెప్పబోయి వాళ్లే సరిదిద్దుకుంటారు. సరిదిద్దుకోకపోతే మళ్లీ భరిణెలు తియ్యండి. అందులో చిన్నతనమేమీ లేదు.

చివరి రెండు రోజులూ పుస్తకం పక్కన పెట్టించి, నాకే లెక్కలు ఇమ్మన్నాను. లెక్క, జవాబు రెండూ తనే రాయాలి, జవాబులో ఎక్కడో ఒక తప్పు దాచాలి, నేను పట్టుకోవాలి. గుర్తులు మార్చింది, కనిపించని 1ని మింగేసింది, కొట్టు లెక్కలో 30 నా దగ్గర కొట్టేసింది. తప్పును కావాలని తయారు చెయ్యాలంటే అది ఎందుకు తప్పో తెలిసి ఉండాలి కదా. ఇలా ఆడించి చూడండి, ఏది అర్థమైందో ఏది కాలేదో పరీక్ష పేపరు కన్నా బాగా తెలుస్తుంది.

వెళ్లే రోజు పొద్దున సంచీ సర్దుకుంటూ ఆఖరిది ఇచ్చింది: 6య² + 2య − య² + 5 = 5య² + 2య + 5. గుర్తులు చూశాను. గుణకాలు చూశాను. రంగు గీతలు కూడా గీశాను. పది పెడితే ఎడమవైపు 525, కుడివైపు 525.

“ఇందులో తప్పేమీ లేదే!” అన్నాను.

“లేదు పిన్నీ. నువ్వు దాన్ని ఇంకా కలిపేస్తావేమోనని చూశాను.”